బొచ్చుకోటు

ఖమీస్ ముషైత్,
డిసెంబరు నెల

అక్క రహమత్బీకి తమ్ముడు నన్నే సాహెబ్ సలాం చెప్పి రాసేది.

నేను బాగుండాను. మోకాలు బాగలేదు, దాని సంగతి వదిలెయ్. నీకు చెవులు పూర్తిగా పోయినాయని నీ మనవరాలు సల్మా చెప్పినప్పటి నుంచి ఫోను దండగైపోయింది. నేను అరిస్తే దుకాణమంతా తిరిగి చూస్తారు, నీకు మాత్రం వినపడదు. అందుకని పెన్ను పట్టినా. రాత బాగలేకుంటే నీదే తప్పు, అక్షరాలు నేర్పించింది నువ్వే. ఈ కాగితాన్ని మా గదిలో ఉండే జానీ ఫోటో తీసి సల్మా ఫోనుకు పంపుతాడు. నువ్వూ అట్లే రాసి పంపు.

అసలు సంగతి విను. ఇక్కడ అబూ ఫహద్ అని ఒక పెద్దాయన ఉండాడు. సౌదీ విమానాల దండులో పనిచేసి దిగిపోయినోడు. వచ్చినోళ్లు కూర్చునే మజ్లిస్ గది నిండా పాత యుద్ధాల సామాను పెట్టుకున్నాడు. మొన్న ఒక మూట తెచ్చి నా బల్ల మీద పడేసినాడు. విప్పితే గొర్రెబొచ్చు కోటు. ఇక్కడోళ్లు చలికి కప్పుకునే గొర్రెబొచ్చు ఫర్వాలు మా దుకాణంలో కుట్టేది నేనొక్కణ్ణే కాబట్టి నా దగ్గరికే వచ్చినాడు. తెల్లోళ్ల యుద్ధంలో బాంబులేసే విమానం వెనక భాగంలో కూర్చుని తుపాకీ కాల్చే గన్నరు తొడుక్కున్న కోటంట. దాంతోపాటు మోచేతి దాకా వచ్చే తోలు చేతితొడుగులు, తోలు టోపీ, నీళ్లలో పడితే మనిషిని తేల్చే పసుపు రంగు చేతుల్లేని కోటు. అన్నీ చీకిపోయి ఉండాయి.

"ఇట్లాంటిది ఎప్పుడన్నా చూసినావా?" అన్నాడు.

"చూసేదేంది, మా నాయన తొడుక్కున్నాడు. ఆయన గన్నరే" అన్నా.

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టేసినాడు. నాకు సూదిలో దారం ఎక్కించి పెట్టే పాకిస్తానీ అఖీల్ ఉండాడే, వాడు "ఈ మాట చాచా రోజూ చెప్తాడు సాబ్, మా చెవులు అరిగిపోయినాయి" అని నవ్వినాడు. నవ్వితే నవ్వనీ. దుకాణంలో అందరూ నన్ను గన్నర్ కా బేటా అనే పిలుస్తారు. చిన్నప్పుడు ఊర్లో రెడ్డిగారి పిల్లోడు నన్ను దూదేకులోడా అన్నందుకు వాని చెవి కొరికినా గదా. "మా నాయన గన్నరు, మీ నాయన ఎద్దుల్ని తోలుకునేటోడు" అన్నా. ఆ పొద్దు నుంచి ఎవడూ అనలేదు.

రంజాను పండగ అయినాక అబూ ఫహద్ ఆ గదిని అందరికీ చూపిస్తాడంట. కోటు పక్కన నాయన ఫోటో, పేరు పెడతానన్నాడు. అరబ్బీలో, ఇంగ్లీషులో రాయిస్తాడంట. కాబట్టి పెట్టెలో నాయన ఉడుపులేసుకున్న ఫోటో ఉంటుంది, అది పంపు. మనం ముట్టుకుంటే చేతుల మీద కొట్టేవాడే, ఆ తుపాకీ తుడిచే బురుసు, అది కూడా. తొందరగా పంపు.

నీ తమ్ముడు
నన్నే సాహెబ్


బొందలకుంట,
జనవరి

నన్నేకి అక్క దీవించి రాసేది.

నీ కాగితం సల్మా పెద్దగా చేసి చూపించింది. నీ రాత చూసి నవ్వుకున్నా. ఒత్తులన్నీ పక్కింటికి పోయినాయి.

మోకాలికి ఆముదం కాచి పూయించుకో. అక్కడ ఆముదం దొరకదంటే జానీ వచ్చినప్పుడు పంపిస్తా. చలికి నేల మీద కూర్చుని కుట్టొద్దు. నీకు డెబ్బై దాటినాయి, ఇంకా ఎందుకురా అక్కడ? వచ్చేయమంటే ఏందో ఒకటి చెప్తావు.

పెట్టె తాళం తుప్పు పట్టింది. చెవి ఎక్కడ పెట్టినానో గుర్తు లేదు. ఫోటో చెదలు తినిందేమో కూడా. పేర్లు, బోర్డులు మనకెందుకురా? పోయినోళ్లు పోయినారు. ఆ పెద్దాయన కోటు మంచిగా బాగు చేసి ఇచ్చేయ్, మెచ్చుకుంటాడు, అంతే చాలు.

ఈసారి శనక్కాయలు పెద్దగా పండలేదు. సల్మాకు కడపలో నర్సు ఉద్యోగం వచ్చేట్టుంది.

అక్క
రహమత్బీ


ఖమీస్ ముషైత్,
ఫిబ్రవరి

అక్కకి నన్నే సాహెబ్ రాసేది.

తాళం తుప్పు పడితే పగలగొట్టు. సుత్తి లేదా ఇంట్లో? నేను ఫోటో అడిగితే నువ్వు ఆముదం చెప్తావు.

కోటు పని చాలా వరకు అయింది. తోలు ఎండి చిట్లిపోయి ఉన్నింది, నూనె పట్టించి పట్టించి మెత్తబరిచినా. బొచ్చు ముద్దలు కట్టి ఉంటే వేళ్లతో విడదీసి, బురుసుతో దువ్వి లేపినా. పసుపు కోటు విప్పితే లోపల ఏముందనుకున్నావు? మన బూరుగు దూది. అఖీల్ ఇది పత్తి అన్నాడు. దూదేకులోడికి దూది గురించి చెప్తావారా అని తిట్టినా. నాయన చెప్పేవాడు గదా, బూరుగు దూదిని నొక్కి కూరితే నీళ్లు పీల్చి మునుగుతుంది, గుప్పెడు గుప్పెడుగా వదులుగా పెట్టాల అని. అట్లే పెట్టి కుట్టినా. అబూ ఫహద్ ఒక తొట్టిలో వేసి చూస్తే బాతు మాదిరి తేలింది.

ఇంకో సంగతి జరిగింది. నా మనసు బాగలేదు. రాయకుండా ఉండలేను.

నిన్న ఆయన మజ్లిస్ లో ఇంకా నలుగురు పెద్దోళ్లు ఉన్నారు. నాయన గురించి చెప్పు అన్నారు. చెప్పినా. చేతులకు ముందర పట్టు తొడుగు, దాని మీద ఉన్ని, దాని మీద తోలు అని. కోటు తడిసి ఉంటే పైన మంచు కడుతుంది, అందుకని ఎండబెట్టే తొడిగించాల అని. వానాకాలంలో బూజు పట్టకుండా వేపాకు పెట్టాల అని. అందరూ తల ఊపినారు.

అబూ ఫహద్ అడిగినాడు, "మీ నాయన ఏ పక్క యుద్ధంలో ఉన్నాడు?" బర్మా అన్నా. ఆయన గడ్డం గోక్కున్నాడు. "బర్మా ఉడుకు దేశం గదా. అక్కడ మీ హిందూస్తానీ గన్నర్లు పలచని ఖాకీ ఉడుపులతోనే ఎగిరినారని చదివినా. ఈ బొచ్చుకోట్లు ఇంగ్లండు నుంచి వచ్చినా గిడ్డంగుల్లోనే పడి ఉండేవంట. మీ నాయన ఎప్పుడు తొడుక్కున్నాడు?" అన్నాడు.

పైకి పోతే ఎక్కడైనా చలే అన్నా.

"కావచ్చు. అక్కడ మీవోళ్లు ఎగిరిన విమానంలో ఇద్దరే గదా. ముందర నడిపేవాడి పేరు ఏంది? మీ నాయన చెప్పే ఉంటాడు" అన్నాడు.

నాకు తెలీదు అక్కా. నాయన ఎప్పుడూ చెప్పలేదు. పైనుంచి భూమి ఎట్లా కనపడుతుందో చెప్పలేదు. తుపాకీ ఎంత మోత మోగుతుందో చెప్పలేదు. అది నాకు ఇప్పుడు గుర్తొచ్చింది. నేను లేచి నిలబడి, "మా నాయనను అబద్ధాలకోరు అంటున్నావా?" అన్నా. ఆయన నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, తెలుసుకుందామనే అడిగినా హాజీ, కోపం పెట్టుకోవద్దు అన్నాడు. మర్యాదగానే అన్నాడు. అందుకే ఇంకా కాలింది.

నీకు తెలిసే ఉంటుంది, నువ్వు పెద్దదానివి. నడిపేవాడి పేరు రాయి. పెట్టె తెరిచి ఫోటో, బురుసు పంపు. వాళ్ల ముందర పెట్టాల నేను.

నన్నే సాహెబ్


బొందలకుంట,
రంజాను నెల

తమ్ముడు నన్నేకి,

ఉపవాసాలు ఉంటున్నావా? మందులు మింగేటోడివి, ఉండకపోయినా పాపం లేదు.

ఈదులపల్లె గురమ్మ నీకు గుర్తుందా? కోమటోళ్ల అంగడి పక్క సందులో నుంచి వచ్చేది, నెత్తిన గంప, ఎర్ర చీర. ఏటేటా పీర్ల పండగకు మన ఊరికి వచ్చి పీరుకు మొక్కుబడి గుడ్డ, దట్టీ కట్టేది. నీకు బొరుగులు, బెల్లం ఇచ్చేది. నువ్వు ఆమె కొంగు పట్టుకుని తిరిగేవాడివి. ఆమెకు ఒక్కడే కొడుకు, ఓబులేసు. పైచదువు చదివి యుద్ధానికి పోయి విమానంలో చచ్చిపోయినాడు. మన ఇంటికి వచ్చి నాయన ముందర కూర్చునేది. నాయన చేతులు తీసుకుని తన కళ్లకు అద్దుకుని పొయ్యేది. చిన్నప్పుడు నువ్వు అడిగినావు, ఎందుకమ్మా అని. నా కొడుకుతో పాటు ఎగిరిన చేతులురా ఇవి అని చెప్పింది.

ఎందుకో ఆమె గుర్తొచ్చింది, రాసినా.

బోర్డు వద్దని చెప్పు నన్నే. నా మాట విను. ఈ ఒక్కసారి విను.

వినవు నువ్వు, నాకు తెలుసు. పెట్టె తెరిచినా. ఫోటోను చెదలు తినేసింది, ఒక భుజం, ఒక చెయ్యి మిగిలింది. బురుసు మాత్రం బాగుంది. సల్మా ఫోటో తీసి దీనితో పంపుతా ఉంది. చూసుకో. నువ్వు పిల్లోడివి కాదు.

రహమత్బీ


ఖమీస్ ముషైత్,
పండగ ముందర

అక్కా,

ఫోటో చూసినా.

వెడల్పు చెక్క, దాని మీద వంకర తీగలు, చేత్తో పట్టుకునే తోలు పట్టీ. జానీ ఫోను తీసుకుపోయి నా బల్ల మీద పెట్టినా. పక్కనే నా బురుసు ఉంది. రెండూ ఒకటే అక్కా. పట్టీ కూడా అట్లే. నేను పొద్దున లేస్తే సాయంత్రం దాకా పట్టుకుని కూర్చునేది ఇదే. ఇది తుపాకీ తుడిచేది కాదు. గొర్రెబొచ్చు దువ్వేది.

అఖీల్ చూసి, "చాచా, మీ ఇంట్లో కూడా ఫర్వాలు కుట్టేవాళ్లా?" అన్నాడు. వానికి ఏం తెలుసు పాపం.

అరవై ఏళ్లు నేను దీన్ని తుపాకీ బురుసు అన్నా. మన ఊరు వదిలిపెట్టినప్పటి నుంచి చూసింది లేదు గదా. చూసుంటే ఈ పని చేసేవాణ్ణి, తెలిసిపోయేది. నాయన మనల్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు.

ఇంక నాకు బెల్లం, బొరుగులు వద్దు. గురమ్మ ఎర్ర చీర వద్దు. నాయన ఏం పని చేసినాడో రాయి. నువ్వు మొదటినుంచీ తెలిసి దాచినావు. పనంతా నిలిపేసినా. కోటుకు ఒక చెయ్యి ఇంకా కుట్టాల, కుట్టలేదు. అబూ ఫహద్ మనిషిని పంపితే ఒళ్లు బాగలేదని చెప్పించినా. నేను నా బతుకులో పనికి ఒళ్లు బాగలేదని చెప్పింది లేదు.

రాయి.

నన్నే


బొందలకుంట,
పండగ మరునాడు

నన్నే,

తెలిసే దాచినా. నాయన దాచమన్నాడు కాబట్టి దాచినా. ఇంక నేను పోతే తెలిసినోళ్లు ఎవరూ ఉండరు కాబట్టి రాస్తున్నా. కోపం నా మీద పెట్టుకో, నాయన మీద వద్దు.

నాయన విమానం ఎక్కలేదు. ఎక్కేవాళ్లకు ఉడుపులు ఇచ్చే కొట్టులో పనిచేసినాడు. దూదేకులోడివి, దూది తెలుసు గదా అని అక్కడ వేసినారంట. తేలే కోట్లలో బూరుగు దూది కూరేది, గన్నర్ల టోపీలు తుడిచి పెట్టేది, చేతితొడుగులు ఎండబెట్టేది. బొచ్చుకోట్లు పెట్టెలు పెట్టెలుగా ఇంగ్లండు నుంచి వచ్చి ఉన్నాయంట. ఆ ఉడుకులో వాటిని ఎవరూ అడిగేది లేదు. పురుగు పట్టకుండా వాటిని దువ్వేది, ఎండలో వేసేది, మళ్లీ మడిచి పెట్టేది నాయన పని.

ఓబులేసు గన్నరు, ఆ కొట్టుకు వచ్చేవాడు. పక్కపక్క ఊర్లోళ్లు, దేశం కాని దేశంలో తెలుగు మాట్లాడేది ఇద్దరే. విమానం ఎక్కే ముందర ఓబులేసుకు తేలే కోటు పట్టీలు బిగించేది నాయనే. ఒక పొద్దు ఓబులేసుకు చలి జరం. పళ్లు టకటక కొట్టుకుంటా వచ్చినాడంట. "ఖాసిమూ, ఒక బొచ్చుకోటు ఇయ్యిరా, పొయ్యొచ్చి ఇచ్చేస్తా" అన్నాడు. జరమని దొరకు చెప్పలేదు, చెప్తే వేరేవాణ్ణి ఎక్కిస్తారని. నాయన, "దొర చెప్పందే కొట్టులో నుంచి తీయకూడదు, నా ఉద్యోగం పోతుంది" అన్నాడు. ఓబులేసు కోప్పడలేదు. "ఏం ఖాసిమూ, గొర్రెకు ఉండే పాటి భాగ్యం నాకు లేదా?" అని నవ్వినాడంట. ఆ పలచని ఖాకీలోనే ఎక్కినాడు. ఆ విమానం తిరిగి రాలేదు.

యుద్ధం అయినాక నాయన ఊరికి వచ్చినాడు. నేనింకా పుట్టలేదు. గురమ్మకు ఎవరో చెప్పినారు, బొందలకుంట దూదేకుల ఖాసిం నీ కొడుకు ఉన్న చోటే ఉన్నాడని. ఆమె నడిచి వచ్చింది. చావిడి కాడ పదిమంది ఉన్నారు. కొడుకు ఎట్లా చచ్చిపోయినాడని ఆమె అడగలేదంట నన్నే. ఒకటే అడిగింది. "పైన చలి ఎక్కువంట గదా నాయనా. నా కొడుకు చలికి ఆగలేడు. చలి పెట్టిందా వానికి?"

నాయన, "లేదమ్మా, బొచ్చుకోటు తొడుక్కున్నాడు" అన్నాడు.

"నువ్వు చూసినావా?"

"చూసినా."

"పైన తీసేసినాడేమో."

ఆమె అట్లా అడిగేసరికి నాయన నోట్లో నుంచి వచ్చేసింది. "తీయలేదమ్మా. పక్క విమానంలో నేనే ఉన్నా. మెడ దాకా వేసుకుని ఉన్నాడు. నాకు చెయ్యి ఊపినాడు."

అంతే. పదిమంది విన్నారు. మరునాటికి నాయన గన్నరు అయిపోయినాడు. కాదంటే ఆమె కొడుకు ఒంటి మీద కోటు తీసేసినట్టు అవుతుంది. ఎట్లా కాదంటాడు? ఆమె బతికున్నంత కాలం ఏటేటా వచ్చింది. ఏటేటా చేతులు కళ్లకు అద్దుకునింది. ఆమె తిరిగి పొయ్యినాక నాయన రెండు రోజులు అన్నం తినేవాడు కాదు. అమ్మ పీర్ల పండగకు అలిసిపోయినాడులే అనేది.

గురమ్మ పోయినప్పుడు మట్టి వేసేదానికి నేను, నాయన పోయినాము. తిరిగి వస్తా కాలవ గట్టు మీద కూర్చుని ఇదంతా చెప్పినాడు. ఇంక ఆమె లేదు గదా నాయనా, అందరికీ నిజం చెప్పేయి అన్నా. అప్పటికే నువ్వు పెద్దోడివి, గన్నరు కొడుకునని రొమ్ము విరుచుకుని తిరుగుతా ఉండావు. "వానికి చెప్పొద్దు. వానికి అదొక్కటే ఉంది" అన్నాడు.

ఆ బురుసు మాత్రం పారేయనీలేదు. ఎందుకంటే, "చూసినప్పుడు కోటు గుర్తు రావాల" అన్నాడు.

అక్క


ఖమీస్ ముషైత్,
మే నెల

అక్కకి సలాం.

చానా దినాలకు రాస్తున్నా. రాయడానికి చెయ్యి రాలేదు. ముందర నీ మీద కోపం వచ్చింది. తర్వాత నాయన మీద. నా చేత ఒకని చెవి కొరికించినావు గదా అని. తర్వాత ఎవరి మీదా లేదు. జానీ అన్నం పెట్టి తినమంటే తిన్నా.

పండగ అయిపోయిన వారానికి పోయి దుకాణంలో కూర్చుని కోటు చెయ్యి కుట్టేసినా. కుట్టేటప్పుడు లోపల నా చెయ్యి దూర్చి చూసినా అక్కా. ఎంత వెచ్చగా ఉంటుందో. ఇక్కడ ఫర్వాలు వేలు కుట్టినా, దేంట్లోనూ చెయ్యి పెట్టి అట్లా ఉంచింది లేదు.

అది తీసుకుని అబూ ఫహద్ ఇంటికి పోయినా. ఆ నలుగురు పెద్దోళ్లు ఉన్నప్పుడే పోయినా. వాళ్ల ముందర చెప్పింది, వాళ్ల ముందరే వెనక్కి తీసుకోవాల. "మా నాయన గన్నరు కాదు. గన్నర్లకు ఉడుపులు ఇచ్చేటోడు. నువ్వు అడిగింది సరిగ్గా అడిగినావు" అన్నా. నువ్వు రాసిందంతా చెప్పినా. నా అరబ్బీ సంతలో అరబ్బీ గదా, ఎక్కడ ఆగితే అక్కడ చేతులతో చూపించినా. ఓబులేసు పళ్లు కొట్టుకున్నది పళ్లతోనే చూపించినా. ఒకాయన తలగుడ్డ కొసతో ముఖం తుడుచుకున్నాడు.

అబూ ఫహద్ బోర్డు చేయించేసి పెట్టినాడు, నాయన పేరుతో. దాన్ని గోడ నుంచి తీసి బోర్లించినాడు. "కోట్లు కాపాడినవాడు అని మీ నాయన పేరే రాయిస్తా. అదీ గౌరవమే" అన్నాడు.

వద్దన్నా. రాసేది ఉంటే ఓబులేసు పేరు రాయి అన్నా.

"ఆయన ఈ కోటు తొడుక్కోలేదు గదా" అన్నాడు.

"అదే రాయి. ఓబులేసు, గన్నరు. ఇట్లాంటి కోటు అడిగినాడు. ఇయ్యలేదు. అంతే రాయి" అన్నా.

రాయించినాడు. ఇప్పుడు గాజు పెట్టెలో కోటు, పక్కన ఆ మాటలు. వచ్చినోళ్లు చదివి, ఇంకోసారి కోటు వైపు చూస్తారు. నేను ఒకసారే పోయినా. మళ్లీ పోలేదు.

దుకాణంలో అఖీల్ అలవాటు కొద్దీ గన్నర్ కా బేటా అని పిలిచినాడు. ఇంక అట్లా పిలవొద్దు, నేను దూదేకులోడి కొడుకును అన్నా. వాడు "సరే చాచా" అని సూదిలో దారం ఎక్కించి ఇచ్చినాడు.

జానీ వచ్చే నెల ఊరికి వస్తా ఉండాడు. వాని చేత ఒక దట్టీ పంపుతున్నా. పైన పచ్చ పట్టుగుడ్డ, చూడ్డానికి మామూలు దట్టీనే. లోపల గొర్రెబొచ్చు పెట్టి కుట్టినా. మెత్తటిది, మెడ కాడ వేసే బొచ్చు. ఇక్కడోళ్లకు పీర్ల సంగతి చెప్తే అది తప్పని నాలుక కరుచుకుంటారు, అందుకని గదిలో తలుపేసుకుని కుట్టినా. గురమ్మ కట్టేది గదా, ఆమె పోయినాక ఎవరు కడుతుండారు? ఎవరూ లేరు. నువ్వు కట్టు. ఓబులేసు పేరు మీద కట్టు. నాయన ఇయ్యలేదు గదా, నేను ఇస్తున్నా.

వచ్చేయమన్నావు. నాకు వీసా ఇచ్చిన కఫీలుతో మాట్లాడినా. ఒప్పుకున్నాడు. కాగితాలు అయినాక వస్తా. బురుసు నా కోసం పెట్టు.

నన్నే


బొందలకుంట,
పీర్ల పండగ అయినాక

తమ్ముడు నన్నేకి,

దట్టీ అందింది. కుట్టు చూసి నాయన కుట్టే అనుకున్నా, సల్మాకు కూడా చూపించినా. కాగితాలు తొందరగా చేయించుకో. నాకు ఆయాసం ఎక్కువైంది, నాలుగడుగులు వేస్తే కూర్చోవాల. పీర్ల చావిడి దాకా సల్మా చెయ్యి పట్టుకుని నడిపించింది.

ఎవరి పేరు మీద అవ్వా అని పీర్లను చూసుకునే ముజావరు అడిగినాడు. ఓబులేసు అన్నా. ఏ ఓబులేసు అన్నాడు. మా నాయన స్నేహితుడు అని చెప్పినా. గురమ్మ పేరు చెప్పినా వానికి తెలీదు. ఇప్పుడున్నోళ్లు ఎవరికీ తెలీదు నన్నే.

నా చేతులతోనే కట్టినా. మెడ దాకా కట్టినా, ఊడిపోకుండా.

ఈ యేడు వాన లేదు, ఎండ మండిపోతా ఉంది. పీరును ఎత్తుకున్న పిల్లోడు చెమటకు తడిసి ముద్దైపోయినాడు. నా కాడికి వచ్చి చెవిలో అరిచినాడు. నాకు వినపడలేదు. సల్మా అరచేతిలో రాసి చూపించింది. "అవ్వా, ఈ దట్టీ ఒక్కటి భలే ఉడుకుతా ఉంది, తీసేద్దామా?" అంటున్నాడంట.

ఉండనీరా అన్నా.

అక్క
రహమత్బీ